యుద్ధం వాళ్ల పేరున, భూమి ఎవరి పేరున? నేపాల్ దళితుల పేదరికం

1996 ఫిబ్రవరి 13న నేపాల్ మావోయిస్టులు ‘జనయుద్ధం’ మొదలుపెట్టారు. ఆ రోజు దాడి జరిగిన పోలీసు చౌకీల్లో ఒకటి పశ్చిమ కొండల్లోని రుకుమ్ జిల్లాలో, ఆఠ్‌బిస్‌కోట్ అనే చోట ఉంది. రుకుమ్, దాని పక్కనున్న రోల్పా ఆ తర్వాత పదేళ్లపాటు మావోయిస్టు ఉద్యమానికి గుండెకాయలా పేరు తెచ్చుకున్నాయి.

24 ఏళ్ల తర్వాత, 2020 మే 23న, అదే రుకుమ్‌లో ఇంకో ఘటన జరిగింది. అప్పటికి జిల్లా రెండుగా చీలింది. పశ్చిమ రుకుమ్‌లోని సోతీ అనే ఊరికి పక్క జిల్లా జాజర్‌కోట్ నుంచి 21 ఏళ్ల దళిత యువకుడు స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చాడు. ప్రేమించిన అమ్మాయిని తనతో తీసుకెళ్లడం కోసం. అమ్మాయిది ఆధిపత్య కులం. ఊరివాళ్లు గుంపుగా కూడి రాళ్లతో, కర్రలతో వెంటబడ్డారు. తప్పించుకోవడానికి ఆ కుర్రాళ్లకు మిగిలిన దారి భేరీ నది ఒక్కటే. ఆరుగురు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది దళితులు. నిందితుల్లో స్థానిక వార్డు అధ్యక్షుడు కూడా ఉన్నాడు.

అంటరానితనం పోవాలి, దున్నేవాడికే భూమి దక్కాలి అన్న నినాదాలతో యుద్ధం మొదలైన జిల్లా అది. పదేళ్ల యుద్ధం, ఆ తర్వాతి శాంతి ఒప్పందం, రాజరికం రద్దు, కొత్త రాజ్యాంగం, అన్నీ చూసిన జిల్లా. అక్కడ కూడా ఇది జరిగిందంటే నేపాల్ దళితుడి జీవితంలో ఏది మారింది, ఏది మారలేదు అన్నది విడివిడిగా లెక్క చూడాల్సిన విషయం. ఈ వ్యాసం ఆ లెక్క కోసమే.

చట్టమే కులం రాసిన దేశం

మన దగ్గర మనుస్మృతి గురించి మాట్లాడతాం. నేపాల్‌లో 19వ శతాబ్దంలోనే ఆధునిక రాజ్యం తన చట్టంలోకి కులాన్ని ఎక్కించింది. 1854లో రాణా పాలకుడు జంగ్ బహదూర్ తెచ్చిన ‘ములుకీ ఐన్’ దేశంలోని ప్రజలందరినీ ఐదు మెట్ల మీద నిలబెట్టింది. పైన జంధ్యం వేసుకునేవాళ్లు. వాళ్ల కింద మద్యం తాగే తెగలు, వాళ్లలో మళ్లీ బానిసలుగా చేయకూడనివాళ్లు, చేయదగ్గవాళ్లు. ఆ కింద నీళ్లు ముట్టకూడనివాళ్లు. అందరికన్నా అడుగున, ముట్టుకుంటే మైలపడి నీళ్లు చల్లుకోవాల్సినవాళ్లు. ఒకే నేరానికి కులాన్ని బట్టి వేరువేరు శిక్షలు. ఈ చట్టం నూరేళ్లకు పైగా నడిచింది. 1963లో వచ్చిన కొత్త ములుకీ ఐన్ కులాన్ని బట్టి శిక్షలు వేయడం మానేసింది. అంటరానితనం పాటించినవాడికి మాత్రం శిక్షేమీ రాయలేదు.

2021 జనగణన ప్రకారం దళితులు జనాభాలో 13 శాతానికి కాస్త పైన, అంటే సుమారు 39 లక్షలమంది. అసలు సంఖ్య ఇంకా ఎక్కువని దళిత సంఘాలు ఎప్పటినుంచో అంటున్నాయి. అద్దె గది కోసం, హోటల్లో పని కోసం ఇంటిపేరు మార్చుకునేవాళ్లు ఉన్న దేశంలో ఆ మాటను కొట్టిపారేయలేం.

తెలుగు పాఠకులు ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మన దగ్గర విశ్వకర్మ అంటే జంధ్యం వేసుకునే చేతివృత్తుల కులం. నేపాల్ కొండల్లో ఇనుము కొట్టే కామీలు, బంగారం పని చేసే సునార్లు అంటరానివాళ్లు. ‘విశ్వకర్మ’ అన్నది వాళ్లు గౌరవం కోసం తీసుకున్న ఇంటిపేరు. బట్టలు కుట్టి, పెళ్లిళ్లలో వాయిద్యాలు వాయించే దమాయిలు (పరియార్), తోలుపని చేసే సార్కీలు (మిజార్), సారంగి మీద పాడుకుంటూ తిరిగే గాయినేలు (గంధర్వ), బాదీలు కొండ దళితులు. భారత సరిహద్దు వెంట ఉన్న మైదానం తరాయిలో ముసహర్, దుసాధ్, చమార్, డోమ్, ఖత్వే, తత్మా కులాలు ఉన్నాయి. ఇవి బిహార్‌లో కూడా ఉన్నవే. కొండ దళితుల, తరాయి దళితుల పరిస్థితులు ఒకటి కావు. కొండల్లో వృత్తి ఉంది, పెరట్లో కొంచెం రాతినేల ఉంది. తరాయిలో ముసహర్‌కు చాలాచోట్ల తన గుడిసె కింద నేల కూడా తనది కాదు. 2011 జనగణనలో దేశమంతటా అక్షరాస్యత 66 శాతం దగ్గర ఉంటే ముసహర్లలో నాలుగోవంతు కూడా లేదు.

కొండల్లో వృత్తికి కూలి లేదు, ‘బాలీ’ ఉంది. ఏడాది పొడవునా కామీ నాగలికర్రు, కొడవలి సాగదీస్తాడు, దమాయి ఇంటిల్లిపాదికీ బట్టలు కుడతాడు. పంట వచ్చాక ఆసామి ఇన్ని మానికలు అని గింజలు కొలుస్తాడు. ఎన్ని మానికలన్నది ఆసామి చెప్పిందే. మన ఊళ్లలో మాదిగలకు, చాకళ్లకు కల్లం దగ్గర ఇచ్చిన ‘మేర’ ఎరిగినవాళ్లకు దీన్ని వేరే వివరించక్కర్లేదు. సుదూర పశ్చిమ కొండల్లో ఇంకో అడుగు కింద ‘హలియా’ ఉండేది. అప్పు తీరేదాకా ఆసామి పొలం దున్నాలి. వడ్డీ కూలిని మింగేస్తుంది. తండ్రి అప్పు కొడుక్కి వస్తుంది. అక్కడి జంధ్యం వేసుకున్న కులాలు నాగలి పట్టడం మైల అనుకుంటాయి కాబట్టి హలియాల్లో అత్యధికులు దళితులే. తరాయి తూర్పున దీని రూపం హరువా–చరువా. పశ్చిమ తరాయిలో కమైయా. కమైయాలు దళితులు కారు, థారూ ఆదివాసులు. అయినా కట్టుబానిసత్వం ఒకటే.

వీటన్నిటికీ మూలం భూమి. 1964 భూ చట్టం తరాయిలో గరిష్ఠ పరిమితిని 25 బిఘాలుగా పెట్టింది, అంటే దాదాపు 42 ఎకరాలు. చట్టం వస్తోందని ముందే తెలిసిన భూస్వాములు బంధువుల పేర్లమీద, పాలేర్ల పేర్లమీద రాసేసుకున్నారు. ఈ కథ మనకు కొత్తది కాదు. 2012లో జరిగిన సామాజిక సర్వే నాటికి కూడా కొండ దళితుల్లో దాదాపు 37 శాతం, తరాయి దళితుల్లో 41 శాతం భూమిలేనివాళ్లు.

రెండు తుపాకుల మధ్య కొలిమి

1996 ఫిబ్రవరి 4న బాబూరామ్ భట్టరాయ్ నాయకత్వంలోని సంయుక్త జనమోర్చా అప్పటి ప్రధాని షేర్ బహదూర్ దేవుబాకు 40 డిమాండ్ల పత్రం ఇచ్చింది. అందులో భూస్వాముల భూములు భూమిలేనివాళ్లకు పంచాలని ఉంది. దళితులపై అణచివేత, అంటరానితనం పోవాలని ఉంది. ఇచ్చిన గడువు పూర్తవకముందే యుద్ధం మొదలైంది. మొదటి రోజు గోర్ఖా జిల్లాలో వ్యవసాయ అభివృద్ధి బ్యాంకు చిన్నరైతుల కార్యాలయం మీద పడి అప్పు కాగితాలు తగలబెట్టారు. అప్పు పత్రం కాలిపోవడం అంటే ఏమిటో హలియా ఇంట్లో పుట్టినవాడికి ఎవరూ చెప్పాల్సిన పనిలేదు.

దళిత యువత ఎందుకు వెళ్లిందన్నది అర్థం చేసుకోవడం కష్టం కాదు. మావోయిస్టుల పట్టున్న ఊళ్లలో అన్ని కులాలవాళ్లూ కలిసి తిన్నారు, దళితులు గుడుల్లోకి వెళ్లారు, కులాంతర వివాహాలు జరిగాయి. ‘దళిత ముక్తి మోర్చా’ పేరుతో పార్టీకి అనుబంధ సంఘం కూడా ఉండేది. ఊరి కులపెద్ద ఒక దళితుణ్ని చూసి భయపడిన రోజులు అవి. తెలుగు నేల మీద ఆ ఉద్యమాన్ని ఆసక్తిగా గమనించినవాళ్లు తక్కువేమీ కాదు. 2001లో ఏర్పడిన దక్షిణాసియా మావోయిస్టు పార్టీల సమన్వయ కమిటీలో నేపాల్ పార్టీ, పీపుల్స్‌వార్ రెండూ ఉన్నాయి.

కానీ యుద్ధం దళితుణ్ని ఎక్కడ నిలబెట్టిందో చూడటానికి కొలిమి దగ్గరికి వెళ్లాలి. కామీకి ఇనుము కొట్టడం వచ్చు. నాటు తుపాకీ గొట్టం చేయగలడు, కుక్రీ చేయగలడు. మావోయిస్టులు వచ్చి ఆయుధాలు చేయమన్నారు. కాదంటే ఊళ్లో ఉండలేడు. చేస్తే సైన్యం వస్తుంది. దమాయిని యూనిఫాంలు కుట్టమన్నారు, అక్కడా అదే సమస్య. 2001 నవంబరులో అత్యవసర పరిస్థితి విధించి సైన్యాన్ని రంగంలోకి దింపాక, ఇంటిపేరు చూసి, వృత్తి చూసి అనుమానించడం మామూలైపోయింది. కులం ఇచ్చిన వృత్తే నేరానికి రుజువైంది. దళితుడంటే మావోయిస్టే అయి ఉంటాడన్న సైనికుడి లెక్కలో పాత ములుకీ ఐన్ వాసన ఉంది.

పదేళ్లలో 17 వేలమందికి పైగా చనిపోయారు. చావుల్లో పెద్ద భాగం ప్రభుత్వ బలగాల చేతుల్లో జరిగినవి. 1,300 మందికి పైగా ఏమయ్యారో ఇప్పటికీ తెలియదు. మాయమైనవాళ్లు ఎక్కువగా ఉన్న జిల్లా పశ్చిమ తరాయిలోని బర్దియా. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం 2008 డిసెంబరులో ఆ జిల్లా మీద ఇచ్చిన నివేదికలో 170 కేసులు పరిశీలిస్తే 156 ప్రభుత్వ బలగాలు చేసినవి, 14 మావోయిస్టులు చేసినవి. ప్రభుత్వం మాయం చేసినవాళ్లలో 85 శాతానికి పైగా థారూలు. భూమి ఎక్కువగా పైకులాల చేతిలో, దున్నేది థారూలు, ఆ జిల్లాలోనే మాయమైనవాళ్లు అందరికన్నా ఎక్కువ. భూతగాదాకు తుపాకీ తోడైతే ఎవరు మిగులుతారో బర్దియా చూపించింది.

పేదరికం యుద్ధానికి కారణమా అన్న ప్రశ్న మీద పరిశోధనలు చాలానే వచ్చాయి. జిల్లాలవారీగా లెక్కలు చూసిన ఆర్థికవేత్తలు డో, అయ్యర్ పేద జిల్లాల్లో, తిరుగుబాటుదారులకు అనువైన కొండలు, అడవులు ఉన్నచోట్ల హింస ఎక్కువని తేల్చారు. ముర్షెద్, గేట్స్ ప్రాంతాల మధ్య, సమూహాల మధ్య అసమానతే ముఖ్యమని వాదించారు. ఈ రెండింటిలో ఒకదాన్నే ఎంచుకోవాల్సిన అవసరం నాకు కనబడదు. పేదరికం ఒక్కటే మనిషి చేత తుపాకీ పట్టించదు. తన పేదరికం పక్కింటివాడి పెత్తనానికి ముడిపడి ఉందని తెలిసినప్పుడు పట్టిస్తుంది.

యుద్ధంలో పేదరికం తగ్గిందా?

విద్యార్థులు జాగ్రత్తగా చదవాల్సిన భాగం ఇది. నేపాల్ జీవన ప్రమాణాల సర్వే 1995–96లో ఒకసారి, 2003–04లో ఇంకోసారి జరిగింది. మొదటిది యుద్ధం మొదలవుతున్న రోజుల్లో, రెండోది యుద్ధం ముదిరిన రోజుల్లో. రెండోసారి కొన్ని చోట్లకు సర్వేవాళ్లు వెళ్లనే లేకపోయారు. ఆ సంగతి మనసులో ఉంచుకునే ఈ అంకెలు చూడాలి. పేదల శాతం 41.8 నుంచి 30.9కి దిగింది. యుద్ధం జరుగుతున్న దేశంలో, స్థూల ఉత్పత్తి నత్తనడక నడుస్తున్న దేశంలో ఇదెలా సాధ్యమని చాలామంది ఆశ్చర్యపోయారు.

అదే సర్వేలో రెండో అంకె కూడా ఉంది. అసమానతను కొలిచే గినీ సూచిక 0.34 నుంచి 0.41కి ఎగబాకింది. పేదరికం తగ్గింది, ఎడం పెరిగింది. ఎవరి మధ్య ఎడమో కులాలవారీగా చూస్తే తెలుస్తుంది. బ్రాహ్మణ, ఛెత్రీల్లో పేదలు 34.1 శాతం నుంచి 18.4కి తగ్గారు. దళితుల్లో 57.8 నుంచి 45.5కి. ఇద్దరిలోనూ తగ్గారు కదా అనవచ్చు. కానీ మొదటివాళ్లలో దాదాపు సగానికి సగం తగ్గారు. దళితుల్లో అయిదోవంతు మాత్రమే. యుద్ధానికి ముందు దళితుల్లో పేదల శాతం వాళ్లకన్నా 1.7 రెట్లు. యుద్ధం మధ్యలో దాదాపు రెండున్నర రెట్లు. దళితుల పేరు చెప్పి నడిచిన యుద్ధం సాగుతుండగా దళితుడికీ బ్రాహ్మణుడికీ మధ్య దూరం పెరిగింది.

దీనికి యుద్ధాన్నే కారణమనలేం. కారణం విమానాశ్రయంలో ఉంది. ఊళ్లలో ఉండలేక, సైన్యానికీ మావోయిస్టులకూ మధ్య చావలేక యువకులు దేశం వదిలిపోయారు. 1995–96లో బయటినుంచి డబ్బు అందుకున్న కుటుంబాలు 23 శాతం. 2003–04 నాటికి 32 శాతం. 2010–11కి 56 శాతం. ఈ కాలంలో తగ్గిన పేదరికంలో అయిదోవంతు వలస డబ్బు వల్లే తగ్గిందని ప్రపంచబ్యాంకు ఆర్థికవేత్తలు లెక్కగట్టారు.

వలస కూడా అందరికీ ఒకటి కాదు. ఖతర్‌కో, మలేసియాకో పోవాలంటే ఏజెంటుకు కట్టాలి. కుదువ పెట్టడానికి పొలం ఉన్నవాడు బ్యాంకుకు వెళతాడు. లేనివాడు షావుకారు దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 36 శాతానికి తెస్తాడు. అదీ పుట్టకపోతే బస్సెక్కి భారత్‌కు వస్తాడు. అఛామ్, డోటీ వంటి సుదూర పశ్చిమ జిల్లాలనుంచి ఢిల్లీ, ముంబయి, బెంగళూరుకు తరతరాలుగా వలస ఉంది. హైదరాబాద్ అపార్టుమెంట్లలోనూ నేపాలీ వాచ్‌మన్ కుటుంబాలు లిఫ్టు పక్క గదిలో ఉంటాయి. ఏ కులమైనా ‘గూర్ఖా’ అనే పిలుస్తాం. ఊళ్లో బావి దగ్గర అందరికీ తెలిసిన కులం ఇక్కడ ఎవరికీ తెలియకపోవడం ఒక దళితుడికి కొంత ఊరట. ఆ ఊరటకు నెల జీతం మాత్రం అతి తక్కువ. గల్ఫ్ క్యాంపుల్లో కరీంనగర్, నిజామాబాద్ కూలీలతో పక్కపక్క మంచాల మీద పడుకునే నేపాలీలకు, మనవాళ్లకు అప్పుల కథలు మాత్రం ఒకటే.

2010–11 సర్వే పేదరిక రేఖను మార్చింది కాబట్టి పాత అంకెలతో నేరుగా పోల్చకూడదు. ఆ ఏడాది అంకెలను ఒకదానితో ఒకటి పోల్చవచ్చు. దేశ సగటు 25.2 శాతం. కొండ బ్రాహ్మణుల్లో 10.3. తరాయి దళితుల్లో 38.2. కొండ దళితుల్లో 43.6. శాంతి ఒప్పందం జరిగి నాలుగేళ్లు దాటాక పరిస్థితి ఇది.

శాంతి పంపకం

2006 ఏప్రిల్ ప్రజా ఉద్యమం రాజు గ్యానేంద్ర ప్రత్యక్ష పాలనను అంతం చేసింది. జూన్ 4న పునరుద్ధరించిన పార్లమెంటు నేపాల్‌ను ‘అంటరానితనం లేని దేశం’గా ప్రకటించింది. నవంబరు 21న సమగ్ర శాంతి ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆ ఒప్పందంలో భూస్వామ్య యాజమాన్యం అంతం చేసి ‘శాస్త్రీయ భూసంస్కరణ’ అమలు చేస్తామని రాసుకున్నారు. అందులోనే యుద్ధకాలంలో స్వాధీనం చేసుకున్న ఇళ్లు, భూములు వాటి యజమానులకు తిరిగి ఇవ్వాలన్నదీ ఉంది.

ఈ రెండు హామీల్లో దేని వెంట పార్టీలు పడ్డాయో ఊహించవచ్చు. నేపాలీ కాంగ్రెస్, ఇతర పార్టీలు ఏళ్ల తరబడి మావోయిస్టులను నిలదీసింది భూములు తిరిగి ఇవ్వలేదనే. భూసంస్కరణ కోసం కమిషన్లు వేశారు, నివేదికలు తెప్పించుకున్నారు, అటకెక్కించారు. స్వాధీనమైన భూముల్లో దున్నుకుంటున్న కూలీలు ఏమవ్వాలన్నది ఎవరికీ పట్టలేదు. ప్రచండ మూడుసార్లు, బాబూరామ్ భట్టరాయ్ ఒకసారి ప్రధానులయ్యారు. ఇద్దరూ బ్రాహ్మణులే. అది వాళ్ల తప్పు కాదు. కానీ వాళ్ల ప్రభుత్వాల్లో కూడా భూమి ఫైలు కదలకపోవడానికి వాళ్లే జవాబుదారీ.

ప్రాతినిధ్యంలో పెద్ద మార్పే వచ్చింది. దాన్ని తక్కువ చేయకూడదు. 1991 పార్లమెంటు దిగువసభలో ఎన్నికైన దళితుడు ఒక్కరు. 1994లో, 1999లో ఒక్కరూ లేరు. 2008లో 601 మంది రాజ్యాంగ సభలో 50 మంది దళితులు కూర్చున్నారు. దామాషా పద్ధతి, కోటా, యుద్ధం తెచ్చిన ఒత్తిడి, మూడూ కలిసి సాధించిన సంఖ్య అది. 2013 రెండో రాజ్యాంగ సభలో అది 40కి దగ్గరకు తగ్గింది. 2022 ఎన్నికల్లో నేరుగా గెలవాల్సిన 165 స్థానాల్లో గెలిచిన దళితుడు ఒక్కరు. మిగిలినవాళ్లంతా పార్టీల దామాషా జాబితాల నుంచి వచ్చినవాళ్లు. జాబితాలో పేరు రాసేది పార్టీ నాయకుడు కాబట్టి వాళ్ల నోరు ఎంతవరకు లేస్తుందో చెప్పక్కర్లేదు.

రాజ్య పునర్నిర్మాణ చర్చలో దళితులకు ఇంకో ఇబ్బంది ఎదురైంది. మధేశీలు, థారూలు, లింబూలు, మగర్లు తమ నేల చూపించి తమకో ప్రాంతం కావాలన్నారు. ఆ డిమాండ్ల ముందు ప్రభుత్వాలు వణికాయి. దళితుడు ఏ నేల చూపించాలి? దేశంలో దళితులు లేని జిల్లా లేదు, దళితులు మెజారిటీగా ఉన్న జిల్లా ఒక్కటీ లేదు. ప్రతి ఊరికీ ఒక చివర ఉండే జనానికి రాష్ట్రం అంటూ ఉండదు. పదేళ్ల చర్చంతా భూభాగం చుట్టూ తిరిగింది, భూమి చుట్టూ తిరగలేదు. దళితులు ‘భూభాగం లేని ప్రాంతం’ కావాలని కూడా ఒక దశలో ప్రతిపాదించారు. అది నవ్వులాటగా మిగిలిపోయింది.

2015 సెప్టెంబరు 20న వచ్చిన రాజ్యాంగంలో 40వ అధికరణం దళిత హక్కులకే కేటాయించారు. భూమిలేని దళితులకు రాజ్యం ఒకసారి భూమి ఇవ్వాలి, ఇల్లులేనివాళ్లకు ఇల్లు కట్టించాలి అని అందులో స్పష్టంగా ఉంది. మన రాజ్యాంగంలో ఇలాంటి వాక్యం లేదు. దాన్ని ప్రాథమిక హక్కుల్లో పెట్టించడం నేపాల్ దళిత ఉద్యమం సాధించిన గొప్ప విజయం. ‘ఒకసారి’ అన్న మాట పెట్టినవాళ్ల జాగ్రత్త కూడా గమనించండి. 2020లో భూచట్టానికి సవరణ చేసి మూడేళ్లలో ఈ పంపకం పూర్తి చేయాలన్నారు. ఆ పనికి వేసిన కమిషన్‌ను తర్వాత వచ్చిన ప్రభుత్వం రద్దు చేసి తనదొకటి వేసింది, ఆ తర్వాతది కూడా అంతే. దరఖాస్తులు మళ్లీ మొదటినుంచి. తెలంగాణలో 2014లో ప్రకటించిన దళితుల మూడెకరాల పథకం కోసం తాసిల్దారు ఆఫీసు మెట్లెక్కినవాళ్లకు ఈ తిరుగుడు తెలుసు.

విముక్తి ప్రకటనల వరస చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. 2000 జులై 17న కమైయాలను విముక్తులుగా ప్రకటించారు. రాత్రికి రాత్రి ఆసాములు వాళ్లను ఇళ్లనుంచి వెళ్లగొట్టారు. పునరావాసం కింద కుటుంబానికి 5 కఠ్ఠాల వరకు ఇచ్చారు. అది తెలంగాణ లెక్కలో 17 గుంటలకు కూడా తక్కువ, చాలాచోట్ల నది ఒడ్డున ఇసుకనేల. 2008 సెప్టెంబరు 6న హలియాల వంతు. సుమారు 19 వేల కుటుంబాలను గుర్తించారు. అప్పులు మాఫీ అయ్యాయి, పొలం రాలేదు. పని వేరే లేనివాళ్లు అదే ఆసామి దగ్గరకి, ఈసారి ‘కూలి’ పేరుతో తిరిగి వెళ్లారు. 2022 జులై 18న హరువా–చరువాల వంతు వచ్చింది. కమైయాలు విముక్తులై అప్పటికి 22 ఏళ్లు.

భూమి పట్టా లేకపోతే మిగతావీ రావు. నివాస రుజువు ఉండదు, పౌరసత్వ పత్రం కష్టమవుతుంది. పౌరసత్వ పత్రం లేకపోతే బ్యాంకు ఖాతా లేదు, పాస్‌పోర్టు లేదు, పథకం లేదు. తరాయి దళితుల్లో ఈ గొలుసులో చిక్కుకున్నవాళ్లు చాలామంది. బాదీ పిల్లలకు తల్లి పేరున పౌరసత్వం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2005లో ఆదేశించాల్సి వచ్చింది. అది అమలు కావడానికి 2007లో బాదీ మహిళలు కాఠ్మండూలో సచివాలయం గేటు దగ్గర బట్టలు విప్పి నిరసన తెలపాల్సి వచ్చింది.

ఒక మార్పు మాత్రం కిందిస్థాయిలో కనిపిస్తుంది. ప్రతి వార్డు కమిటీలో ఒక దళిత మహిళ తప్పనిసరి అన్న నిబంధన వల్ల 2017 స్థానిక ఎన్నికల్లో 6,743 వార్డులకు గాను 6,567 మంది దళిత మహిళలు ఎన్నికయ్యారు. వాళ్లలో చాలామందికి సమావేశానికి పిలుపు రాదు, సంతకం కోసం రిజిస్టరు ఇంటికి వస్తుంది. అయినా వివక్ష కేసు పెట్టడానికి పోలీసు చౌకీకి వెళ్లే దళితుడి పక్కన ఇప్పుడు ఎన్నికైన మనిషి ఒకరు నడుస్తున్నారు. రాజీ పడమని ఒత్తిడి చేసేదీ ఆ వార్డు కమిటీలోని మిగతావాళ్లే అన్నది వేరే విషయం. రాజధానిలో కూడా కథ పెద్దగా మారలేదు. 2021లో కాఠ్మండూలో ఒక దళిత జర్నలిస్టుకు కులం తెలిశాక గది ఇవ్వలేదు. ఆమె ఫిర్యాదు చేస్తే ఇంటి యజమానురాలు అరెస్టయింది. ఆమె విడుదలైన రోజు విద్యామంత్రి స్వయంగా వెళ్లి తన వాహనంలో ఇంటికి తీసుకెళ్లారు.

చనిపోయినవాళ్ల లెక్క

యుద్ధంలో చనిపోయినవాళ్ల, మాయమైనవాళ్ల కుటుంబాలకు ప్రభుత్వం విడతలవారీగా మొత్తం 10 లక్షల నేపాలీ రూపాయలు ఇచ్చింది. చిత్రహింసలకు గురైనవాళ్లు, అత్యాచారానికి గురైన మహిళలు ఆ జాబితాలో లేరు. ఊళ్లో వదిలేస్తే ఎవరూ అడగరని సైన్యానికీ, తిరుగుబాటుదారులకూ తెలిసిన ఇళ్ల ఆడవాళ్లకు ఒక్క రూపాయి రాలేదు. మావోయిస్టు సైన్యంలో ఐక్యరాజ్యసమితి ధ్రువీకరించిన 19,602 మందిలో దాదాపు 1,400 మంది మాత్రమే నేపాల్ సైన్యంలో చేరగలిగారు. చాలామంది 5 నుంచి 8 లక్షలు తీసుకుని ఇంటిదారి పట్టారు. మైనర్లుగా చేరినందుకో, ఆలస్యంగా చేరినందుకో అనర్హులని తేల్చిన 4 వేలమంది 2010లో ఖాళీ చేతులతో పోయారు. వాళ్లు తిరిగి వెళ్లిన ఊళ్లలో కొలిమి, బాలీ, ఆసామి అన్నీ అక్కడే ఉన్నాయి.

సత్య నిరూపణ, సయోధ్య కమిషన్ 2015లో ఏర్పడింది. సుమారు 63 వేల ఫిర్యాదులు వచ్చాయి. మాయమైనవాళ్ల మీద వేసిన రెండో కమిషన్‌కు 3 వేలకు పైగా వచ్చాయి. తీవ్ర నేరాలకు క్షమాభిక్ష ఇచ్చే వీలును సుప్రీంకోర్టు అదే ఏడాది కొట్టేసింది. చట్టాన్ని దానికి తగ్గట్టు సవరించడానికి పార్లమెంటుకు 2024 ఆగస్టు దాకా పట్టింది. ఈలోగా ఫిర్యాదు రాసిన తల్లిదండ్రుల్లో చాలామంది పోయారు. జిల్లా కార్యాలయానికి ఒక రోజు నడిచి, కూలి పోగొట్టుకుని, కాగితం రాయించుకోవడానికి డబ్బులిచ్చి వచ్చినవాళ్లు వాళ్లు.

సోతీ కేసు మాత్రం ఒక కొలిక్కి వచ్చింది. 2023 డిసెంబరులో పశ్చిమ రుకుమ్ జిల్లా కోర్టు 24 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. నేపాల్‌లో కుల హత్యకు ఇంతమందికి ఇంత శిక్ష పడటం అరుదు. తీర్పు కోసం మూడున్నరేళ్లు జాజర్‌కోట్ నుంచి కోర్టుకు తిరిగిన ఆ కుటుంబాలు, దారి ఖర్చులకు చందాలు వేసుకున్న దళిత సంఘాలు, రోడ్డెక్కిన కాఠ్మండూ విద్యార్థులు లేకుండా అది వచ్చేది కాదు. కోర్టు శిక్ష వేసిన నాటికి, భూమిలేని దళితులకు మూడేళ్లలో భూమి అన్న 2020 సవరణ గడువు కూడా దాటిపోయింది.